వయసుతో పాటు మారే మా బావ ఇల్లు

మా బావ ఉమామహేశ్వర్ నాచారంలో ఇల్లు కట్టాడు. కట్టి ఊరుకుంటే బాగుండేది. ఇంటికొచ్చిన ప్రతివాడి చేతా చెప్పులు విప్పించి, మంచినీళ్లైనా ఇవ్వకుండా, గది గదికీ తిప్పి ఉపన్యాసం దంచుతాడు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు గానీ, ఆ మాట అన్న పెద్దలు మా బావను ఎరగరు. ఎరిగి ఉంటే, కట్టినా చూపించకు నాయనా అని ఇంకో ముక్క కలిపి పోయేవాళ్లు.

నా పేరు నీరజ. ఆయన భార్య తారామణి మా అక్క. నేనుండేది రామంతాపూర్, ఉద్యోగం సికింద్రాబాద్‌లో రైల్వే ఆఫీసులో. ఆదివారం వస్తే ఉప్పల్ దాకా ఒక షేర్ ఆటో, అక్కడ దిగి నాచారానికి ఇంకో షేర్ ఆటో ఎక్కి అక్క దగ్గరికి పోతాను. అందుకే ఆ ఉపన్యాసం నాకు కంఠతా వచ్చేసింది. "ఇల్లంటే గోడలు కాదు. మనిషి వయసుతో పాటు ఇల్లు మారాలె" అని మొదలవుతుంది. ఎక్కడ చెయ్యి ఊపుతాడో, ఎక్కడ కళ్లజోడు తీస్తాడో కూడా చెప్పగలను.

పోనీ ఆయన ఇళ్లు కట్టే ఇంజినీరా అంటే అదీ కాదు. ఏఎస్ రావు నగర్ పక్కన పెద్ద సర్కారు ఫ్యాక్టరీలో, సర్క్యూట్ల బొమ్మలు గీసే సెక్షన్‌లో చేరి అక్కడే రిటైరయ్యాడు. సర్క్యూట్‌లో స్విచ్ ఇటు వేస్తే కరెంటు ఇటు పోతుంది, అటు వేస్తే అటు పోతుంది. మనుషులూ అంతేనని ఆయన నమ్మకం. తోటివాళ్లందరూ మేస్త్రీకి అప్పజెప్పి రెండు గదులూ ఒక హాలూ కట్టించుకుని హాయిగా కాపురాలు చేసుకుంటుంటే, ఈయన మాత్రం గ్రాఫ్ కాగితాల మీద ఇల్లు గీశాడు. అయిదు కాగితాలు, అయిదు రంగులు. కాపురం పచ్చ, పిల్లలు పసుపు, చదువులు నీలం, కోడలు ఎరుపు, ముసలితనం నలుపు. మనిషి బతుకు మొత్తాన్ని అయిదు స్టేజీలు చేసి, ప్రతి స్టేజీకీ ఏ గోడ లేవాలో ఏ గోడ పడాలో రాసిపెట్టాడు. అప్పటికి అక్క నీళ్లు కూడా పోసుకోలేదు.

అక్క అడిగింది ఒక్కటే. "వంటింటికి గల్లీ దిక్కు ఒక కిటికీ పెట్టిస్తరా? వచ్చేటోళ్లు పోయేటోళ్లు కనపడ్తరు" అంది.

"ఆ గోడ మూడో స్టేజ్‌ల డోర్ అయితది తారా. ఇప్పుడు కిటికీ పెడితే మళ్ల పగలగొట్టాలె. వేస్టు" అన్నాడు ఆ మహానుభావుడు.

మూడో స్టేజీ వచ్చింది, పోయింది. ఆ గోడకు తలుపూ రాలేదు, కిటికీ రాలేదు. మా అక్క ఆ గోడను చూస్తూనే కొన్ని వేల పూటలు వంట చేసింది. ఈ సంగతి ఉపన్యాసంలో రాదు.

మా అక్క సంగతి కొంచెం చెప్పాలి. ఆమె గేటు దగ్గరి మనిషి. మాది జనగామ, మా అమ్మ వాళ్ల ఇంటి ముందు ఎప్పుడూ నలుగురుండేవాళ్లు. అక్కకూ అదే అలవాటు. పొద్దున వాకిలి ఊడ్చి ముగ్గేస్తే మళ్లీ లోపలికి రావడానికి గంట పట్టేది. కూరగాయల బండివాడి బిడ్డకు ఏ జ్వరమొచ్చిందో, ఫ్యాక్టరీ షిఫ్టుకు పోయే పిల్ల ఎందుకు ముఖం మాడ్చుకుని పోతోందో, అన్నీ ఆమెకు కావాలి. గల్లీలో ఎవరింట్లో పచ్చడి పెట్టినా ఉప్పు సరిపోయిందో లేదో చెప్పాల్సింది ఆమే. చదువుకున్న మనిషే, కానీ పుస్తకాల కంటే మనుషులంటేనే ఇష్టం. ఆమెకు ఇల్లంటే ఆ గేటే. అయిదు కాగితాలు గీసిన మనిషికి ఆ గేటు ఏ రంగులోనూ కనపడలేదు.

ఇక ఆ మారే ఇల్లు ఎలా మారిందో చెప్తాను. పిల్లల స్టేజీలో హాలుకూ పడకగదికీ మధ్య గోడ కట్టలేదు. ప్లైవుడ్ పలకలు, అల్యూమినియం పట్టాలు. తోస్తే గది, లాగితే హాలు. ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. ప్లైవుడ్ ఉబ్బి సగంలో ఇరుక్కుంది. ముందుకు రాదు, వెనక్కి పోదు. మా బావ నూనె పోశాడు, సుత్తితో కొట్టాడు, ఆఖరికి ఒక పలక ఊడి చేతికొచ్చింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. అక్క తన పాత నేతచీర ఒకటి అడ్డం కట్టింది. వాళ్ల ఒక్కగానొక్క కొడుకు హృషికేశ్ పదో తరగతీ ఇంటరూ ఆ చీర వెనకాలే చదివాడు. ఇవతల టీవీ, అవతల ఫిజిక్స్. ఎవరైనా చుట్టాలొచ్చి ఇదేందని అడిగితే "టెంపరరీ" అనేవాడు బావ. ఆయన ఇంట్లో టెంపరరీ కానిది ఒక్కటే ఉంది, ఆయన నోరు.

కొడుక్కి ఉద్యోగం రాగానే ఎర్ర కాగితం బయటికి తీశాడు. కోడలి స్టేజీ. పైన రెండు అంతస్తులు వేశాడు. మొదటి అంతస్తు తమకు, రెండోది కొడుకు కోడళ్లకు, కింద అద్దెకు.

"నేను కిందనే ఉంటనండి. పైన అద్దెకిద్దాం" అంది అక్క.

"చార్ట్‌ల గ్రౌండ్ ఫ్లోర్ ఇన్‌కమ్ కోసమని ఉన్నది తారా. ఒకటి మార్చితే అన్నీ మారుతయి" అన్నాడు.

మారే ఇల్లు కదా, మార్చకూడదట. నాకు ఒళ్లు మండింది. అక్క మాత్రం సామాన్లు సర్దడం మొదలుపెట్టింది. మా అక్కకు ఎదురు చెప్పడం రాక కాదు. ఎదురు చెప్పినా అవతలి మనిషి చెవిన పడదని ఆమెకు నాకంటే ముందే అర్థమైంది. కింద ప్లేస్కూల్ వాళ్లొచ్చారు. మా బావ దగ్గరుండి వాళ్ల కోసం కింద బాత్రూములన్నీ పగలగొట్టి, మోకాలెత్తు కూడా లేని బుల్లి కమోడ్లు పెట్టించాడు. వచ్చినవాళ్లకు అవి కూడా చూపించేవాడు. అక్క పైకి పోయి, గ్యాలరీ కమ్మీకి తాడు కట్టి, బుట్ట దింపి కూరగాయలు కొనుక్కోవడం నేర్చుకుంది. బండివాడి బిడ్డ సంగతి అంత పైనుంచి అరిచి ఎలా అడుగుతుంది? అడగడం మానేసింది.

హృషికేశ్‌కు సాయి ప్రియ అనే పిల్లతో పెళ్లయింది. మంచి పిల్ల, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పొద్దున ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే చీకటిపడ్డాకే ఇల్లు. పెళ్లయిన రెండో నెలలో ఒకరోజు ఒంట్లో బాగాలేక మధ్యాహ్నమే ఇంటికొచ్చింది. వచ్చి చూస్తే తన మంచం మీద స్టూలు, స్టూలు మీద మామగారు, చేతిలో డ్రిల్లింగ్ మిషను. దుప్పటి నిండా సిమెంటు పొడి.

"మామయ్యా, మా రూంల ఏం చేస్తున్నరు?" అందట ఆ పిల్ల.

"ఊయలకు కొక్కెం అమ్మా. పిల్లగాడు పుట్టినంక స్లాబ్‌కు రంధ్రం పెడితే దుమ్ము వాడి ముక్కుల పోతది. ముందే ప్లాన్ చేసుకోవాలె" అన్నాడట ఈయన, స్టూలు దిగకుండానే.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఈ సామెత పుట్టి ఎన్ని వందల ఏళ్లయిందో గానీ, దానికి కొక్కెం బిగించిన ఘనత మాత్రం మా బావదే. నెల తిరక్కుండా కొడుకు కోడలు ఉప్పల్ మెట్రో స్టేషన్ దగ్గర ఫ్లాటు చూసుకుని వెళ్లిపోయారు. రెండో అంతస్తుకు తాళం పడింది. "ఈ జనరేషన్‌కు ప్లానింగ్ లేదు" అని మా బావ నాతో వాపోయాడు. జాలి చూపిస్తానని ఎలా అనుకున్నాడో నాకు తెలియదు.

ఇక నల్ల కాగితం. ముసలితనం. దానికోసం ఇల్లు కట్టినప్పటి నుంచీ మెట్ల పక్కన, ప్రతి స్లాబ్‌లోనూ నాలుగడుగుల చదరం ఒకటి వదిలిపెట్టాడు. లిఫ్ట్ కోసం. నిజం చెప్పాలంటే ఆయన చేసిన పనుల్లో బుద్ధి ఉన్న పని అదొక్కటే. దాన్ని కూడా ఆయన దక్కనివ్వలేదు.

ఎలాగంటే, అయిదు రంగుల ప్లానులో పూజగది మర్చిపోయాడు. కింద ఉన్నన్నాళ్లు దేవుళ్లు వంటింటి అరలో సర్దుకున్నారు. పైకి మారేటప్పుడు గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలు పూజగది ఏదని అడిగారు. మా బావ తల గోక్కున్నాడు. అప్పుడు రామంతాపూర్ నుంచి చిదంబరం సిద్ధాంతిగారిని పిలిపించారు. ఆయన దిక్సూచి పట్టుకుని ఇల్లంతా తిరిగి, లిఫ్ట్ కోసం వదిలిన ఆ రంధ్రం ముందు ఆగాడు.

"ఈశాన్యం గిదే. మీకు తెల్వకుండనే దేవునికి జాగ పెట్టిన్రు సార్" అన్నాడు.

అంతే, మా బావ ఉబ్బిపోయాడు. తన తప్పును ఎవరైనా గొప్పగా మార్చి చెప్తే ఆయన వాళ్లకు దాసుడు. మొదటి అంతస్తులో ఆ రంధ్రానికి స్లాబ్ వేయించాడు, పైన పాలరాయి పరిపించాడు. సిద్ధాంతి మండలం రోజులు పూజ చేసిన యంత్రాన్ని ఆ రాయి కింద పెట్టి, దీన్ని కదిలిస్తే యజమానికి మంచిది కాదని చెప్పి, దక్షిణ పుచ్చుకుని వెళ్లాడు. దేవుడి నెత్తిమీద ఎవరూ నడవకూడదని రెండో అంతస్తులో ఉన్న రంధ్రం చుట్టూ గోడ కట్టేశారు.

"మరి లిఫ్ట్ ఎటుకెళ్లి పోతది బావా? దేవుని నెత్తి మీదికెళ్లా?" అని నేను ఆ రోజే అడిగాను.

"అది ఐదో స్టేజ్ నీరజా. ఇంక మస్తు టైమున్నది" అన్నాడు.

సరే, టైము వచ్చింది. అక్క మోకాళ్లు అరిగిపోయాయి. స్టేజీల కోసం జాగ మిగల్చాలని ఆయన మెట్లు నిటారుగా కట్టించాడు, ఎక్కీ దిగీ మోకాళ్లు మరీ తొందరగా పోయాయి. మొన్న ఎండాకాలంలో కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. ఎడమదీ చెయ్యాలి, ఈలోపల మెట్ల జోలికి పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. దవాఖానా నుంచి తీసుకొచ్చిన రోజు నేనూ ఉన్నాను. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ప్లేస్కూల్ వ్యాన్ డ్రైవరూ ఇంకొకతనూ మోశారు. మూల తిరిగేటప్పుడు కుర్చీ ఒరిగింది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లు మూసుకుంది. గల్లీ ఆడవాళ్లందరూ కింద నిలబడి చూస్తున్నారు. వెనకాల మా బావ, "జర రైట్‌కు, జర రైట్‌కు" అంటూ చెయ్యి ఊపుకుంటూ వస్తున్నాడు.

ఆ ఎక్కడం ఎక్కింది, ఇక దిగలేదు. రెండు వారాల తర్వాత నేను పోతే నా చెయ్యి పట్టుకుని, "నాకు కింద ఉండాలె నీరజా. ఇంకేం వద్దు. నేల మీద ఉండాలె, గేటు కాడికి పోవాలె. ఇట్లనే పైన ఉంటే నాకు పిచ్చి లేస్తది" అంది. మా అక్క నోటి వెంట నాకు కావాలి అనే మాట నేను విన్నది అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది.

నేరుగా పోయి బావ ముందు కూర్చున్నాను. "ప్లేస్కూల్ వాళ్లను ఖాళీ చేపియ్యి బావా. అక్కను కిందికి తీసుకపోదాం."

"ఎట్ల? అగ్రిమెంట్ ఉన్నది. పైగా కింద అన్నీ చిన్నపిల్లల కమోడ్లే. మీ అక్క అండ్ల కూర్చుంటదా?"

"పెట్టించింది ఎవరు?"

"అప్పటి స్టేజ్‌కు అది కరెక్ట్" అన్నాడు, ఏ మాత్రం సిగ్గు లేకుండా.

పోనీ లిఫ్ట్ పెట్టించు, దేవుణ్ణి పక్కకు జరుపు అన్నాను. సిద్ధాంతికి ఫోన్ చేశాడు. ఈ ఉత్తరాయణంలో ముహూర్తాలు అయిపోయాయి, మళ్లీ ఉత్తరాయణం వచ్చేదాకా యంత్రం కదిలించడానికి లేదన్నాడాయన. అప్పటికి ఇంకా ఆషాఢమే మొదలవలేదు. ఇంటి బయట దక్షిణం వైపు సందులో లిఫ్ట్ పెట్టించు అంటే, ఆ దిక్కు బరువైతే పరవాలేదు గానీ ద్వారం పనికిరాదట. ద్వారం లేని లిఫ్ట్‌లోకి మనిషి ఎలా ఎక్కాలో సిద్ధాంతీ చెప్పలేదు, ఈయనా అడగలేదు. దేవుడంటే భక్తి ఉండి కాదు ఆయన ఆ మాటలు విన్నది. యజమానికి మంచిది కాదన్న ముక్క దగ్గర ఆగిపోయాడు. ఆ ఇంటికి యజమాని అంటే ఆయనొక్కడే కదా.

అంతకంటే అసహ్యమైన సంగతి ఇంకోటి ఉంది. మోకాళ్లు పోయింది మా అక్కవి, హుషారొచ్చింది ఆయనకు. రిటైరయ్యాక ఉసూరుమంటూ ఉండే మనిషి, ఇప్పుడు మళ్లీ గ్రాఫ్ కాగితాలు తెప్పించాడు. ఆరో స్టేజీ. మెట్ల కమ్మీ వెంట నడిచే కుర్చీ, గోడలోంచి వచ్చే ర్యాంపు, ఏవేవో బొమ్మలు. ర్యాంపు లెక్క వేస్తే ఇంటి గేటు దాటి గల్లీ అవతలిదాకా పోయింది. అక్క మంచం మీద పడుకుని ఉంటే, పక్కనే టేబులు వేసుకుని కూర్చుని గీసేవాడు. మంచినీళ్లు కావాలని ఆమె రెండుసార్లు పిలిచాక గానీ తల ఎత్తేవాడు కాదు. వచ్చినవాళ్లకు అవే చూపిస్తూ, "ఈమె కోసమే" అనేవాడు.

హృషికేశ్ వచ్చి తల్లిని ఉప్పల్ ఫ్లాటుకు తీసుకెళ్లాడు. అక్కడ లిఫ్ట్ ఉంది. దిగితే మాత్రం సెల్లారులో కార్లున్నాయి, మనిషన్నవాడు లేడు. పొద్దున కొడుకూ కోడలూ తాళం వేసుకుని పోతే, సాయంత్రం దాకా గోడ గడియారమే తోడు. వారం ఉండి, "నన్ను మా గల్లీలనే దింపురా" అని వచ్చేసింది. వచ్చింది గల్లీకే గానీ, మళ్లీ అదే కుర్చీ, అదే ఒరగడం, మళ్లీ పైనే. హృషికేశ్ నాతో, "డాడీకి చెప్పి చూసిన పిన్నీ, వింటలేడు" అన్నాడు. చెప్పి చూడటం తప్ప ఇంకేమీ చేతకాదు వాడికి. తండ్రి పోలిక ఎక్కడికి పోతుంది.

బతుకమ్మ వచ్చింది. మా అక్క ఆ గల్లీలో కాపురం పెట్టినప్పటి నుంచీ సద్దుల బతుకమ్మ నాడు పాట ఎత్తుకునేది ఆమే. ఆమె గేటు ముందే ఆడవాళ్లందరూ బతుకమ్మలు పెట్టి చుట్టూ తిరుగుతారు. ఈసారి కూడా నేను ఉప్పల్‌లో తంగేడు, గునుగు, బంతి కొనుక్కుని పోయాను. మంచం మీద కూర్చునే పేర్చింది, చూడముచ్చటగా. సాయంత్రం కింద సందడి మొదలైంది. పట్టుచీర కట్టుకుని, వాకర్ పట్టుకుని గ్యాలరీలోకి వచ్చింది.

"ఒక్క గంట కోసం కిందికి తీసుకపోతరా? వ్యాన్ పిలగాణ్ణి పిలిస్తే వస్తడు" అని బావను అడిగింది.

"రిస్క్ ఎందుకు తారా? నేను ఏర్పాటు చేసిన" అన్నాడు. ఆ గొంతులో గర్వం చూడాలి మీరు. ఆ రోజు పొద్దున్నుంచీ కష్టపడి గ్యాలరీ కమ్మీకి గిలక బిగించాడట. పెద్ద తట్టకు నాలుగు వైపులా తాళ్లు కట్టి, అక్క పేర్చిన బతుకమ్మను అందులో పెట్టి, గిలక మీద నెమ్మదిగా కిందికి వదిలాడు. ఒక్క పువ్వు రాలలేదు. కింద ఆడపిల్లలు చప్పట్లు కొట్టారు. "చూసినవా నీరజా, ఫ్రిక్షన్ అసల్కే లేదు" అన్నాడు నాతో.

బతుకమ్మ దిగింది. మా అక్క దిగలేదు. కింద ఎవరో కొత్త కోడలు పాట ఎత్తుకుంది, మధ్యలో చరణం మర్చిపోయి నవ్వింది. అందరూ అలవాటుగా తల ఎత్తి పైకి చూశారు. అక్క అందించబోయి, వాకర్ వెనక్కి తిప్పుకుంది. చూసీ చూసీ ఎవరికి తోచింది వాళ్లు పాడుకున్నారు. మా బావ మాత్రం ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. ఒక మనిషి చెడ్డవాడైతే కోపం తెచ్చుకోవచ్చు. మంచివాడినన్న ధీమాతో పక్క మనిషిని ఇలా పైన ఎండబెట్టేవాణ్ణి ఏం చెయ్యాలి? ఆ పూట ఆయన ముఖం చూడటానికే నాకు రోత పుట్టింది.

తెల్లవారి అక్క నుంచి ఫోను. "ఆదివారం జర పొద్దుగాల్ల రా. కౌసల్యమ్మ ఇంట్ల ముందటి పోర్షన్ ఖాళీ అయింది. బోర్డు పెట్టింది" అంది.

కౌసల్యమ్మ ఇల్లు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. దాన్ని ఇల్లనడానికి నాకు మనసొప్పదు. ఆమె పెనిమిటి నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో పనిచేస్తూ మొదట రేకుల గది ఒకటి వేశాడు. బిడ్డ పుడితే ఒక గది, తమ్ముడొస్తే ఒక గది, కిరాయిదారు దొరికితే ఒక గది. ఎక్కడ జాగ ఉంటే అక్కడ అతికించుకుంటూ పోయారు. ఒక గదికి పోవాలంటే ఇంకో గదిలోంచి పోవాలి. గోడలకు చెమ్మ. కౌసల్యమ్మ కూడా తక్కువది కాదు, కిరాయిదారు ఎన్ని బకెట్లు తోడుకున్నాడో చూస్తూ కూర్చుంటుంది, వాళ్లింటికి ఎవరొచ్చారో అడుగుతుంది. మా బావ వచ్చినవాళ్లను గ్యాలరీలోకి తీసుకొచ్చి, వేలు పెట్టి ఆ ఇంటినే చూపించేవాడు. "చూడున్రి, ప్లానింగ్ లేకుంటే గిట్లుంటది" అనేవాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. కాకపోతే ఆ ముందటి పోర్షనుకు మెట్టనేది లేదు. గల్లీలోంచి అడుగేస్తే లోపలున్నట్టే.

ఆదివారం పోయేసరికి అక్క తయారుగా కూర్చుంది. మా బావకు కోపం వచ్చి ఉంటుందనుకుని పోయాను, చూస్తే ఆయన నాకంటే ఉత్సాహంగా ఉన్నాడు.

"మంచి ఐడియానే నీరజా. టెంపరరీగా ఒక ఆరునెలలు అక్కడుంటే, నేను ఇక్కడ ఆరో స్టేజ్ ఫుల్లుగ కంప్లీట్ చేస్త. దేవుణ్ణి ఉత్తరాయణంల జరుపుదాం. మీ అక్క మంచిగ సొల్యూషన్ చెప్పింది" అన్నాడు. ఆమె తన స్టేజీల్లో ఒక భాగమైపోయిందని సంబరం ఆయనకు.

వ్యాన్ అబ్బాయిని పిలిచి మళ్లీ కుర్చీలో దింపాం. ఈసారి అక్క కళ్లు మూసుకోలేదు. కింద వాకర్ ఆనించుకుని నిలబడి, ఒక్కో అడుగే వేస్తూ గల్లీ దాటింది. పదడుగుల గల్లీ. దారిలో ఇద్దరు పలకరించారు, ఇద్దరితోనూ ఆగి మాట్లాడింది. మా బావ ఇవేమీ పట్టించుకోకుండా ముందే పోయి, పోర్షను లోపల గోడలు తట్టి చూస్తున్నాడు.

"ఈ తలుపు అటు తెరుసుకోవాలమ్మా, ఇటు కాదు. ఈ గోడ తీసేస్తే హాలు పెద్దగయితది" అని కౌసల్యమ్మకు మొదలుపెట్టాడు.

"గోడ తీస్తే రేకులు మీద పడ్తయి సారూ. ఉన్నది ఉన్నట్టు ఉండెటోళ్లకే ఇస్త" అంది కౌసల్యమ్మ. ఆమె అక్కను అరుగు మీద కూర్చోబెట్టి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. బేరానికి వచ్చిన వాళ్లందరినీ నిలబెట్టి అడిగినట్టే అడిగింది. "ఎంతమంది ఉంటరు? ముంగటనే చెప్పాలె. నీళ్లకాడ నాకు పంచాయితీ వద్దు."

"ఇద్దరమే" అన్నాడు మా బావ. "ఎప్పుడన్న ఆదివారాలు కొడుకు కోడలు వస్తరు. ఒక టేబులు పడ్తది కదా ఈ మూలకు? నా డ్రాయింగులకు."

"ఒక్కదాన్నే కౌసల్యమ్మా" అంది అక్క.

మా బావ నవ్వాడు. ఆమె లెక్క తప్పిందనుకున్నాడు. "ఏంది తారా, నేను?" అన్నాడు. అక్క ఆయన వైపు తిరగలేదు. కోపంగా లేదు, కన్నీళ్లు కూడా లేవు. మా బావ నవ్వు అలాగే ముఖం మీద ఉండిపోయింది. ఆ ముఖం చూస్తే నాకు సంతోషం కలిగింది, దాచుకోను.

కౌసల్యమ్మ ఆయన్నీ ఆమెనూ మార్చి మార్చి చూసింది. ఎంతైనా కిరాయికిచ్చే మనిషి, తేల్చుకోకుండా తాళం చెవి ఇవ్వదు. "మరి సారు?" అని అడిగింది.

"సారుది ఎదురిల్లు" అంది మా అక్క, తాళం చెవి కోసం చెయ్యి చాపుతూ.